తోసుకుంటూ పోయే సైకిళ్ళు

మొదటి రోజు నాకు వచ్చిన అంకె పదకొండు. రెండో రోజు తొమ్మిది.

తిరుపతి నుంచి చంద్రగిరి వైపు పోయే రోడ్డు మీద, మా కాలనీ మలుపు దగ్గర, డివైడరులో ఒక సందు ఉంది. దాని ఎదురుగా ఉన్న టీ అంగడి బల్ల మీద కూర్చుని, ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ సందులో రోడ్డు దాటే సైకిళ్ళను లెక్కపెట్టాను. రెండు గంటల్లో పదకొండు అంటే సుమారుగా పదకొండు నిమిషాలకు ఒకటి. ఆ లెక్క చూస్తే, ఈ కాలంలో సైకిలు ఎవరు తొక్కుతున్నారని అడిగేవాళ్ళ మాటే నిజమనిపిస్తుంది. నాకు మాత్రం ఆ అంకె సరిగా అనిపించలేదు. ఎక్కడ తప్పుందో చెప్పలేను. నోట్లో పెట్టుకోగానే ఉప్పు తక్కువైందని తెలిసినట్టుగా తెలిసింది, అంతే.

నేను చదివింది పదో తరగతి. లెక్కలన్నీ ఆ తర్వాత నేర్చుకున్నవే. చిత్తూరు రోడ్డులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీని ఆనుకుని ఒక లారీ కాటా ఉంది. అక్కడ ఇరవై ఏడేళ్ళుగా బండ్లు తూస్తున్నాను. నిండు బండి వస్తుంది, డ్రైవరు దిగుతాడు, తూస్తాను. సరుకు దించుకుని ఖాళీగా మళ్ళీ వస్తుంది, మళ్ళీ దిగుతాడు, మళ్ళీ తూస్తాను. రెండింటి తేడా సరుకు బరువు. డ్రైవరు లోపలే కూర్చుని ఉంటే ఎంత తొందరగా ఉన్నా తూచను. ఇది నా పనిలో మొదటి నియమం. తర్వాత జరిగిన దానికి ఇది అవసరం కాబట్టి ముందే చెబుతున్నాను.

ఈ సైకిళ్ళ గొడవ బుధవారం మా ఇంటి గడప దగ్గర మొదలైంది.

మా వీధికి ఒకామె సైకిలు మీద కీరాకు తెస్తుంది. ఆకుకూరను మా వైపు కీరాకు అంటారు. నలభై దాటిన మనిషి. రోడ్డుకు అవతల, మూడు కిలోమీటర్ల లోపల ఉన్న పల్లె ఆమెది. క్యారియరు మీద అడ్డంగా ఒక గోతం, దానికి రెండు పక్కలా వేలాడే కట్టలు. సిర్రాకు, పొన్నగంటాకు, తోటకూర, కొత్తిమీర. ఆ రోజు కట్టలు దించుతూనే మా ఆవిడతో అంది:

"సోమవారం నుంచి నేను రానుమా."

"ఏంమే, యాడికన్నా పోతా ఉండావా?"

"నేను యాడికి పోతా? రోడ్డు మద్దిన సందు మూసేస్తారంట. ఇనప కమ్ములు దించినారు, సున్నంతో గీతలు గూడా గీసినారు. ఇంగ నేను ఈడికి వచ్చేదెట్ట?"

"ఆ పక్కనే అమ్ముకుంటావా అయితే?"

"ఆ పక్క మా వదిన అమ్ముతాది. ఆమె ఇండ్లు నేను లాక్కోనా?"

మా వైపు ఆమెకు ముప్పై రెండు ఇళ్ళు. ఒకసారి ఊరికే అడిగితే వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పింది. సందు మూస్తే ఆ ముప్పై రెండూ పోతాయి. బస్సులో గోతం ఎక్కించనివ్వరు. ఆటో పెట్టుకునే వ్యాపారం కాదు.

"యూటర్ను దాకా పోయి తిరిగి రాకూడదా?" అని అడిగాను.

"నువ్వు ఒకసారి పోయి రా అన్నా, తెలుస్తాది" అంది.

నిజంగానే పోయి వచ్చాను. నా దగ్గర ఇప్పటికీ సైకిలే ఉంది. చిన్నప్పుడు మా నాయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని చంద్రగిరి సంతకు పోయేవాణ్ణి. దారిలో అల్లరి చేయకుండా ఉండాలని నాయన చక్రం పుల్లకు పాత ట్యూబు ముక్క ఒకటి కట్టేవాడు. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అది ఫోర్కుకు తగిలి టప్‌మనేది. "ఎన్ని టప్పులో చెప్పు నాయనా" అనేవాడు. నేను వందలు తప్పకుండా లెక్కపెట్టేవాణ్ణి. దారం పెట్టి కొలిస్తే చక్రం చుట్టు రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ఊళ్ళో నాకు కావలసిన దూరాలన్నీ నేనే కొలుచుకుంటున్నాను.

సందు నుంచి యూటర్ను దాకా నాలుగు వందల పది టప్పులు. అంటే తొమ్మిది వందల మీటర్లు. తిరిగి మా మలుపుకు రావాలంటే మళ్ళీ అంతే. అడ్డంగా ఇరవై రెండు అడుగులు వేస్తే దాటిపోయే రోడ్డుకు ఒకటి ముప్పావు కిలోమీటరు పైన చుట్టు. అదీ తిరుమల పోయే బస్సుల పక్కన. ఆ చుట్టు ఎవరూ తిరగరు. ఎదురుగా వచ్చే బండ్లలోకి రోడ్డు అంచున దూరిపోతారు. నేనే ఆ పని చేయబోయి ఆగాను.

అదే రోజు మధ్యాహ్నం రోడ్డు పని చూసే ఆఫీసుకు పోయాను. ఇంజనీరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైన మనిషి. కూర్చోమంది, మంచినీళ్ళు ఇప్పించింది.

"ఆ సందులో బైకులు అడ్డంగా దూరుతున్నాయి సార్. మొన్న ఒకాయన కాలు విరగ్గొట్టుకున్నాడు. మూయక తప్పదు."

"సైకిళ్ళ మాటేంటమ్మా?"

ఆమె కిటికీలోంచి చూసింది. బయట నా సైకిలు ఒక్కటే స్టాండు వేసి ఉంది. చుట్టూ బైకులు.

"కనబడుతున్నది మీ ఒక్కరిదే కదా సార్" అని నవ్వింది. తర్వాత ఒక పటం తీసి చూపించింది. రోడ్డు అంచున పొడవునా పచ్చగీత. "మేం సైకిళ్ళకు వ్యతిరేకం కాదు. ఆదివారాల్లో చంద్రగిరి కోట దాకా తొక్కేవాళ్ళు అడిగారు. వాళ్ళ కోసం సైకిలు దారి గీయబోతున్నాం."

పటం బాగుంది. ఆ గీత మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ అదంతా పొడవు. కీరాకు ఆమెకు కావలసింది అడ్డం.

"ఆ సందులో సైకిళ్ళు దాటుతాయని మీ దగ్గర లెక్క ఉందా సార్?"

"లేదమ్మా."

"తెండి. సోమవారం పొద్దున కమ్ములు నాటుతారు. అంతలోపల తెస్తే చూస్తాను."

లెక్క అడిగినవాళ్ళ మీద నాకు గౌరవం ఎక్కువ. మామిడి కాయలు రావడానికి ఇంకా నెల ఉంది. కాటా దగ్గరకు పది గంటలకు పోయినా సరిపోతుంది. గురువారం పొద్దున పుస్తకం, రెండు పెన్నులు తీసుకుని టీ అంగడికి పోయాను. అయిదేసి గీతల కట్టలు, అరగంటకు ఒక వరస. పదకొండు. శుక్రవారం తొమ్మిది.

శుక్రవారం ఇంటికి వచ్చేసరికి కీరాకు ఆమె మా గడపలోనే ఉంది.

"ఏమన్నా, టీ అంగడికాడ అంత ధ్యానంగా కూసోని ఉండావు. నేను పిలిస్తే గూడా పలకలా?"

"నువ్వు ఎప్పుడు దాటినావు?"

"ఏడుం బావు అయింటాది. పాలబండి వచ్చే టయానికి."

పుస్తకం తెరిచాను. ఏడు నుంచి ఏడున్నర వరసలో రెండే గీతలు. ఒకటి పేపర్లు వేసే ఆయన. ఇంకొకటి తెల్లప్యాంటు పెద్దాయన. ఇద్దరూ నాకు బాగా గుర్తున్నారు.

"నువ్వు దాటలేదే" అన్నాను.

"దాటకుండా ఈ కీరాకు ఎగిరొచ్చిందా అన్నా?"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆయన పుస్తకంలో లేకపోతే నువ్వు రానట్టే మే. కట్టలు ఎత్తుకోని ఎనక్కి పో."

నేను నవ్వలేదు. ఎవరి కోసం ఈ లెక్క మొదలుపెట్టానో ఆ మనిషే నా కళ్ళ ముందు రెండు రోజులు దాటింది. రెండు రోజులూ లెక్కలో లేదు. పుట మొదటికి పోయాను. అక్కడ, లెక్కలో గందరగోళం రాకూడదని, నా చేతిరాతతోనే ఒక నియమం రాసుకుని ఉన్నాను: తొక్కుతూ దాటేవి మాత్రమే.

"నువ్వు దిగి తోసుకుంటూ వచ్చినావా?"

"మళ్ళ? ఎక్కి దాటమంటావా? ముందు చక్రం పైకి లేస్తే నేను యాడ, కట్టలు యాడ?"

"ఎందుకు లేస్తుంది?"

"ఆడ గట్టు ఉండాది కదన్నా. సూడలేదా?"

చూడలేదు. రెండు రోజులు నాలుగు గంటలు అక్కడే కూర్చుని కూడా చూడలేదు. భోజనం మాట మరిచి స్టీలు స్కేలు పట్టుకుని మళ్ళీ సందు దగ్గరకు పోయాను. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు మీదే కొత్త తారు పోశారు. రోడ్డు పెరిగింది, సందులో నేల అలాగే ఉండిపోయింది. కూర్చుని కొలిచాను. నాలుగు అంగుళాలకు ఒక గీత తక్కువ. ఖాళీ సైకిలు అయితే హ్యాండిలు కొంచెం లేపి ఎక్కించుకుంటాం. వెనక ముప్పై కట్టలుంటే బరువంతా వెనక చక్రం మీదే. గట్టుకు తగలగానే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. బరువున్న ప్రతి సైకిలూ సందుకు పది అడుగుల ముందే దిగాల్సిందే. దిగినవాళ్ళు నా పుస్తకంలో నడిచేవాళ్ళు అయిపోయారు.

ఇరవై ఏడేళ్ళుగా డ్రైవరు దిగితేనే బండిని లెక్కలోకి తీసుకున్నవాణ్ణి, రోడ్డు మీదకు వచ్చేసరికి మనిషి దిగితే బండినే కొట్టేశాను. ఇంకొకరు ఈ తప్పు చేసి ఉంటే నాకు ఇంత ఆశ్చర్యం ఉండేది కాదు.

శనివారం పుటలో రెండు నిలువు వరసలు గీశాను. తొక్కినవి, తోసినవి. ఆరున్నరకు మొదలుపెడితే ఏడుకే రెండో వరస మొదటిదాన్ని దాటిపోయింది. అరటాకుల చుట్ట ఉన్న సైకిలు. చీపురుకట్టలు. పూలగంప. కత్తులు నూరే చక్రం బిగించిన సైకిలు. ఇడ్లీ గిన్నె, దాని మీద బోర్లించిన పచ్చడి తపేలా. తాపీ, మట్టపు కర్ర కట్టుకున్న మేస్త్రీ. ఏడుం బావుకు, పాలబండి వెనకే, కీరాకు. ఈసారి చెయ్యి ఊపాను.

"రాసుకున్నావా?" అని రోడ్డు అవతల నుంచే అరిచింది.

"రాసినా!"

చూస్తూ ఉంటే ఇంకొకటి కనబడింది. అందరూ సైకిలుకు ఎడమ పక్కనే నడుస్తారు. బండ్లు మొదట వచ్చేది కుడి వైపు నుంచి. నడుమ గోతం ఎత్తుగా అడ్డం ఉంటుంది. అంటే ఎక్కువ బరువున్నవాళ్ళు వచ్చే బండిని చూడకుండా, చప్పుడు విని దాటుతున్నారు. మెడలు చాచి, ఒక కాలు ముందుకు వేసి, ఆగి, విని, అప్పుడు తోస్తారు. చప్పుడు చేయని బ్యాటరీ బండ్లు ఎక్కువైతే వీళ్ళు ఏమి చేస్తారో నాకు తెలియదు. అదీ ఒక పక్కన రాసుకున్నాను.

ఎనిమిదిన్నరకు గీతలన్నీ కూడాను. తొక్కినవి పన్నెండు. తోసినవి నలభై మూడు. మొత్తం యాభై అయిదు.

అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు పోయాను. ఇంజనీరు పుట చూసి, తన ఫారం తీసి నా ముందు పెట్టింది.

"చూడండి సార్. సైకిలు అని ఒక గడి, పాదచారులు అని ఒక గడి. తోసుకుంటూ పోతే పాదచారి కిందే రాయాలి."

"నేనూ రెండు రోజులు అట్టే రాసినానమ్మా" అని కాటా సంగతి చెప్పాను. "డ్రైవరు దిగినంత మాత్రాన లారీ లారీ కాకుండా పోదు కదా. వీళ్ళు మూడు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చి, ఇరవై రెండు అడుగులు దిగి నడుస్తున్నారు. మనం ఆ ఇరవై రెండు అడుగుల కాడ నిలబడి సైకిళ్ళు లేవంటా ఉండాం."

ఆమె ఫారం పక్కకు పెట్టింది. "సైకిలు పట్టేంత సందు వదిలితే సరిపోతుందా? రెండున్నర అడుగులు?"

నా దగ్గర ఆ కొలతలు లేవు. ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి. "సోమవారం చెబుతాను" అన్నాను.

ఆదివారం మా వీధిలో నిలబెట్టి ఉన్న బైకుల హ్యాండిళ్ళు కొలిచాను. అందరూ బండి అమ్మకానికి పెట్టారేమో అనుకున్నారు. ఏ బైకూ ముప్పై అంగుళాలు దాటలేదు. కీరాకు ఆమె వచ్చినప్పుడు గోతం చివరి నుంచి చివరికి టేపు పట్టాను. నలభై ఒకటి.

"నన్ను గూడా కొలువు అన్నా, రైక కుట్టించేదానికి పనికొస్తాది" అంది.

మా ఆవిడ గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది.

సోమవారం ఏడు గంటలకు ఇంజనీరు స్కూటరు మీద వచ్చింది. నలుగురు పనివాళ్ళు కమ్ములు దగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సందు రెండు వైపులా గుంటలు తవ్వేశారు. నేను అంకెలు చెప్పాను. రెండున్నర అడుగులు వదిలితే ముప్పై అంగుళాలు. బైకు దూరిపోతుంది. కీరాకు ఇరుక్కుంటుంది. ఆపాలనుకున్నది పోతుంది, పోనివ్వాలనుకున్నది ఆగుతుంది.

"మరీ నలభై ఒకటి ఉంటుందా సార్?"

అప్పటికి పాలబండి పోయింది. కీరాకు ఆమె అవతలి అంచున దిగి, ఆగి, విని, సందు దాకా తోసుకువచ్చింది. గుంటలు చూసి మొహం మాడిపోయింది. అయినా నోరు ఆగలేదు.

"మేడమ్మేనా మూసేది? పట్టుకో మేడమ్, ఒకసారి తోసి సూడు. కరవదులే."

ఇంజనీరు బ్యాగు నా చేతికిచ్చి నిజంగానే హ్యాండిలు పట్టుకుంది. రెండు అడుగులు బాగానే తోసింది. గట్టుకు తగలగానే ముందు చక్రం లేచి, సైకిలు వెనక్కి కూర్చుంది. పనివాళ్ళలో ఒకాయన పరిగెత్తి వచ్చి క్యారియరు పట్టుకున్నాడు. రెండు కట్టలు రోడ్డు మీద పడ్డాయి. ఒక కారు గట్టిగా హారను కొట్టుకుంటూ పోయింది.

"నాకు కారు కనబళ్ళేదు" అంది ఇంజనీరు.

"ఎట్ట కనబడతాది మేడమ్? చెవులతో దాటల్ల" అంది కీరాకు ఆమె, కట్టలు ఎత్తి దులుపుతూ. "ఈ రెండూ నువ్వు తీసుకో. సంగట్లోకి ఎనుపుకో, బాగుంటాది."

ఇంజనీరు చాలాసేపు రోడ్డు రెండు వైపులా చూసింది. తర్వాత పనివాళ్ళతో నాలుగు అడుగులు వదిలి మిగిలింది మూయమంది. గుంటల కోసం కలిపిన కాంక్రీటులో మిగిలిన దానితో గట్టుకు రెండు వైపులా వాలు కట్టించింది. నాతో ఒక మాట చెప్పింది: "ఇది నా బాధ్యత మీద వదులుతున్నాను సార్. నెల రోజుల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే మూసేస్తాను. బైకులు ఎన్ని దూరుతున్నాయో కూడా మీరే లెక్క ఇవ్వాలి. తగ్గించకుండా."

"తగ్గించను" అన్నాను.

తగ్గించలేదు. బైకులు దూరుతున్నాయి. నాలుగు అడుగుల్లో ముప్పై అంగుళాల బండి ఎందుకు దూరదు? మొదటి వారం పుట చూసి ఆమె రోడ్డుకు రెండు వైపులా అడ్డంగా ఎత్తు వేయించింది, వచ్చే బండ్లు నెమ్మదించాలని. ఇప్పటికి పంతొమ్మిది రోజులు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

కానీ నా పుస్తకంలో ఒక విచిత్రం మిగిలింది. వాలు కట్టిన తర్వాత కూడా తోసే వరస తగ్గలేదు. గట్టు లేదు కదా, ఇంకా ఎందుకు దిగుతున్నావని ఒక రోజు ఆమెను అడిగాను.

"బరువుతో ఎక్కితే ఆగి వినేదానికి కాదన్నా. కాలు కిందుండల్ల."

అది నాకు తట్టలేదు. ఆ తర్వాత ఇంకొకటి తట్టింది. నేను బండ్లను ఎప్పుడూ రెండుసార్లు తూస్తాను, నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి. ఇక్కడ మాత్రం ఒక్క పొద్దున, నిండుగా వచ్చేటప్పుడే చూస్తున్నాను.

నిన్న కాటాకు సెలవు పెట్టి పదిన్నరకు టీ అంగడిలో కూర్చున్నాను. అంగడి ఆయన, "ఈ టయానికి గూడా వచ్చేసినావా సామీ" అని తలకొట్టుకున్నాడు. అరటాకుల ఆయన ఖాళీ తాడు మెడలో వేసుకుని తొక్కుతూ పోయాడు. పూలగంప బోర్లించుకుని ఒకామె తొక్కుతూ పోయింది. పదకొండుకు అయిదు నిమిషాలు ఉండగా మా మలుపులోంచి కీరాకు ఆమె వచ్చింది. గోతం మడిచి క్యారియరులో ఇరికించి ఉంది. కుడి వైపు చూసింది, గంట కొట్టింది, వాలు మీదుగా, సైకిలు దిగకుండానే సందు దాటి అవతలికి పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరగకుండానే అరిచింది.

"ఇప్పుడు ఏ పక్క రాస్తావు అన్నా?"

తొక్కినవి అన్న వరసలో గీత గీశాను. మిగిలిన పదకొండు రోజులూ ఈ పూట కూడా లెక్కకు రావాలి.